బోర్డు కిందికి దించండి

"ఆ లెక్కల సారూ, ఆయనెనకాల ఇకిలించిన క్లాసంతా కలిసి నిన్నిట్లా పిరికిదాన్ని చేసినారు మే!"

పుంగనూరు బస్టాండులో జనమంతా తిరిగి చూసినా మేనత్త గొంతు తగ్గించలేదు. కొత్త టీచరమ్మ మమతకు తలెత్తాలంటే సిగ్గేసింది.

"మెల్లిగా అత్తా! పదేండ్ల నాటి మాట."

"పొట్టి పుంగనూరు ఆవు అని ఆ సారు అన్నాడని ఈ పొద్దుకీ నువ్వు ఫోటోకు నిలబడవు కదమ్మే!"

"పొట్టిదాన్నే కదా. బోర్డు కాడ నిలబడితే పిల్లోళ్లూ నవ్వుతారు. నాకీ ఉద్యోగం వద్దు, ఇంటికి పోదాం పా."

"ఆ ఆవు పక్కన ఫోటో దిగేదానికి బెంగుళూరు నుంచి కార్లేసుకోని వస్తాండారు. నీ పక్కన దిగాలంటే నేనెంత బతిమాలాల?"

మమతకు నవ్వాగలేదు.

"నిన్న పోయి సూసొచ్చినావు కదా, కుప్పం కాడ ఆ బడి ఎట్టుండాది?"

"బాగుండాది. బోర్డే శానా పైన కొట్టినారు. నాకే సగం అందలా. ఒకటో తరగతి పిల్లోళ్లకు కింది అంచు గూడా అందదు. పాపం, వాళ్లు యాడ రాస్తారత్తా?"

"ఇన్నేండ్లూ ఆడ పని చేసిన పొడుగు సార్లకు ఎవురికన్నా తట్టిందా ఆ మాట?"

మమత తలెత్తి అత్త వైపు చూసింది.

"మాటలు పడినదానివి గాబట్టి నీకు కనపడింది. పిల్లోళ్లకు నీలాంటి టీచరే కావాల. ఎక్కు, బస్సొచ్చింది."

మమత ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని ఫోను తీసింది. ఈసారి గొంతు తగ్గించనిది తనే. బస్సంతా విన్నది.

"హెడ్మాస్టరు సార్, నేను మమతను. కుప్పం బస్సెక్కినాను. నేనొచ్చేలోపల ఒకటో తరగతి బోర్డు రెండడుగులు కిందికి దించండి. ఈ పొద్దే దించాల!"