గోడ మీది వాక్యం

వాషింగ్టన్‌లో, ఒక రాజకీయ పార్టీకి విధానాలు వండిపెట్టే సంస్థ. డైరెక్టర్ తలుపేసి తన పరిశోధకుణ్ణి కూర్చోబెట్టాడు.

"పన్నులు తగ్గిస్తే ఉద్యోగాలు రావని పేపర్లో రాశావేంటయ్యా?"

"రావు కాబట్టి రాశాను. లెక్కలు మీరూ చూశారుగా."

"చూశాను, నోరు మూసుకున్నాను. అందుకే ఈ కుర్చీలో ఉన్నాను. నీ కుర్చీ మాత్రం సాయంత్రానికి ఖాళీ చెయ్యి."

"మా ఆవిడ కొరీన్‌కి కీమో నడుస్తోంది సార్. ఆఫీసు బీమా పోతే, క్యాన్సరున్న మనిషికి కొత్తగా ఎవడిస్తాడు?"

"ఎవడూ ఇవ్వడు. ఇచ్చి తీరాలని చట్టం రాబోతే ఆపింది నీ నివేదికేగా."

"అప్పుడు పార్టీ అడిగింది, రాశాను."

"ఎంత బాగా రాశావనీ! 'ఇల్లంటుకున్నాక బీమా అడిగేవాడు దొంగ.' లాబీలో ఫ్రేము కట్టించాం కదా, పోతూ పోతూ పట్టుకెళ్ళు. కొరీన్‌కి చదివి వినిపించు."