నేను ఊదిన మహామహులు

నాలో ఒక సుగుణం ఉంది. నా గొప్పలు నేనే చెప్పుకుంటాను, ఆ బరువు ఇంకొకరి నెత్తిన పెట్టను. ఎవరికీ శ్రమ ఇవ్వకూడదని మా నాన్న అనేవాడు. ఆయన చెప్పిన వందమాటల్లో నేను పాటించింది ఇదొక్కటే. మిగతావాటికి ఒళ్లు వంచాలి.

నేను సైన్సు యూనివర్సిటీలో గాజు ఊదేవాణ్ణి. ఫ్లాస్కులు, వంకర గొట్టాలు, తిన్నని గొట్టాలు, ఎవరికి ఏది కావాలంటే అది మంట ముందు కూర్చుని ఊది ఇస్తాను. చదువు ఎనిమిదో క్లాసులో నన్ను వదిలేసి వెళ్లింది, నేనూ బతిమాలలేదు. ఈ పని నాకెవరూ నేర్పలేదు. మొదటి ఏడాది నేను చేసిన ఫ్లాస్కుల్ని నిలబెడితే పడుకునేవి. పడుకోబెడితే దొర్లిపోయేవి. అయినా ముప్పై ఒక్క ఏళ్లు గడిచాయి, నేనూ ఉన్నాను, యూనివర్సిటీ కూడా ఇంకా ఉంది.

పెద్ద భవనంలో మెట్ల పక్క గోడకి ఇరవై మూడు ఫోటోలు వేలాడుతుంటాయి. ఇక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్లు. ఒకాయన తోకచుక్కని కనిపెట్టాడు, ఒకావిడ టీకా మందు చేసింది, ఇంకొకాయన మబ్బుల లెక్క తేల్చాడు. ఫోటోల కింద రాసి ఉన్నదంతా నాకు కంఠతా వచ్చు. రాయనిది ఇంకా బాగా వచ్చు.

ఆ రాయనిది చెప్పడానికి రోజూ నాలుగింటికి గేటు ఎదురుగా ఉన్న టీకొట్టుకి పోతాను. అక్కడ నాకు ఇద్దరు శ్రోతలు. ఒకరు టీకొట్టు పిన్ని, వయసులో నాకంటే పదేళ్లు చిన్నది, అయినా ఊరందరికీ పిన్నే. రెండోవాడు అట్టల బావ. విద్యార్థుల థీసిస్‌లకి అట్టలు కడతాడు. నాకు ఏ వరసా కాడు. నా మాట నమ్మకుండా ఉండే హక్కు కోసం బావ అయ్యాడు.

ఆ రోజు మూడో శ్రోత కూడా ఉంది. కెమిస్ట్రీలో రీసెర్చి చేస్తున్న అమ్మాయి. అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు, రెండో అంతస్తు లాబ్‌లో అంతా భళ్ళమ్మ అంటారు. నాలుగు నెలల్లో మూడు గాజు కాలమ్‌లు ఆమె బల్ల దగ్గర భళ్ళుమన్నాయి మరి. కాలమ్ అంటే మనిషి ఎత్తు గొట్టం, దాని చుట్టూ ఇంకో మందపాటి గొట్టం, ఏడు చోట్ల అతుకులు. కింద ద్రవాల్ని కలిపి మరిగిస్తే ఆవిరి పైకెక్కుతూ దేనికది విడిపోతుంది. మూడింటినీ ఊదింది నేనే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గాజు పగిలితే, పగలగొట్టినవాళ్లే ముక్కల్ని అట్టపెట్టెలో వేసుకుని నా దగ్గరికి తెచ్చి, ఎలా పగిలిందో నోటితో చెప్పాలి. ఆ అమ్మాయి మూడుసార్లూ ఒకే మాట చెప్పింది. "నేను ముట్టుకోలేదు బాబాయ్. దానంతటదే పగిలింది." ముప్పై ఒక్క ఏళ్లుగా అందరూ చెప్పేది అదే. ఈ యూనివర్సిటీలో గాజు ఎప్పుడూ దానంతటదే పగులుతుంది, ఫ్యాను కింద కాగితాలు వాటంతటవే ఎగిరినట్టు. నేనూ నవ్వి ఊరుకున్నాను. రీసెర్చి చేయించే వాళ్ల మేడమ్ మాత్రం నవ్వలేదు. చేతులు కుదురుగా లేనివాళ్లకి ఈ పని ఎందుకు అందట.

అందుకే ఆ రోజు అమ్మాయి చేతిలో కవరు ఉంది. రీసెర్చి మానేస్తున్నానని అర్జీ. ఐదింటికి ఆఫీసు కిటికీ మూసేస్తారు.

"నాలుగో కాలమ్ రెడీగా ఉందమ్మాయ్, వచ్చి పట్టుకెళ్లు," అన్నాను.

"వద్దు బాబాయ్. దాన్నైనా బతకనివ్వండి," అంది.

పిన్ని టీ వడపోస్తూ నా వైపు చూసింది. "రోజూ అడక్కుండానే వాగుతావు కదా, ఇవాళ ఆ నోటికి ఏమైంది? ఏదో ఒకటి చెప్పు. పిల్ల మొహం చూడు."

నాకు కావలసింది ఆ మాటే. గ్లాసు బల్ల మీద పెట్టి మొదలెట్టాను.

"మెట్ల దగ్గర మొదటి ఫోటో చూశావా అమ్మాయ్, సముద్రపు నీళ్ల మీద పరిశోధన చేసినావిడ. ఆవిడ కూడా ఇలాగే ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చింది. చేతిలో చుక్కలు కొలిచే బ్యూరెట్, దాని ముక్కు విరిగింది. నేను పది నిమిషాల్లో కొత్త ముక్కు అతికించి ఇచ్చాను. ఆ ముక్కులోంచి పడ్డ చుక్కలే సముద్రంలో ఉప్పు ఎంతుందో చెప్పాయి. ఇంత చిన్న సాయానికి ఆవిడ ఫోటో పక్కన నా ఫోటో ఎందుకని నేనే వద్దన్నాను."

"ఈ ఒక్కటీ నమ్మొచ్చు. ముక్కు అతికించి ఉంటాడు," అన్నాడు అట్టల బావ.

అతను నమ్మితే నాకు ఊపొస్తుంది. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ చెప్పగా విని టీకా మందు ఆవిడ వచ్చింది. సూక్ష్మజీవి ఒక్కటంటే ఒక్కటే పట్టే గొట్టం కావాలంది, రెండోది దూరకూడదట. సరే అని ఊదాను. ఎంత సన్నగా వచ్చిందంటే, ఊదిన నాకే కనబడలేదు. మూడు రోజులు గదంతా వెతికాం. నాలుగో రోజు నాకు తుమ్ము రాబోయి ఆగిపోయింది. చూస్తే గొట్టం నా ముక్కులో ఉంది. అలాగే దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టాం."

"ముక్కునా, గొట్టాన్నా?" అంది పిన్ని.

"రెండూ ఒకటే అయిపోయాయి అప్పటికి. ఇక తోకచుక్క ఆయన సంగతి వినండి. ఆయన దూరదర్శినిలో అద్దం పగిలింది. తోకచుక్క రావడానికి ఇంకా గంటే టైముంది. అద్దం ఊదడం లోకంలో ఎవరికీ రాదు, అరగదీయాలి. నేను ఊదాను. ఒక్క ఊపిరి. ఆయన అందులోంచి చూస్తే తోకచుక్కే కాదు, దాని అవతల ఉన్న దాని అన్న కూడా కనిపించింది. నా పేరు పెడతానని కాళ్లావేళ్లా పడ్డాడు. నాకు ఆల్రెడీ ఒక పేరుంది బాబూ, దాన్నే సరిగ్గా వాడట్లేదు, అన్నాను."

అమ్మాయి పెదవి ఒక పక్క కదిలింది. కవరు ఇంకా చేతిలోనే ఉంది. గడియారం నాలుగూ ఇరవై. ఇంకాస్త పెద్దది కావాలి అనుకున్నాను.

"అసలైనది మబ్బుల ఆయనది. మబ్బుని కదలకుండా పట్టుకుంటేగాని తూకం తెలియదు కదా, మబ్బు పట్టేంత ఫ్లాస్కు కావాలన్నాడు. సోమవారం పొద్దున్న ఊపిరి పీల్చుకున్నాను. గురువారం మధ్యాహ్నం వదలడం ఆపాను. మధ్యలో భోజనానికి కూడా లేవలేదు. ఫ్లాస్కు కిటికీలోంచి బయటికొచ్చి, ఆటస్థలం దాటి, లైబ్రరీని లోపలేసుకుంది. లోపల చదువుకుంటున్నవాళ్లకి మూడో రోజుగ్గాని తెలియలేదు, ఇంత నిశ్శబ్దం ఎక్కడిదా అని. మబ్బు దానంతటదే వచ్చి దూరింది. ఫ్లాస్కులో వాన. నా ఊపిరి వేడికి ఫ్లాస్కు లేచింది పైకి. దాంతోపాటు లైబ్రరీ, మబ్బు, మబ్బుల ఆయన, ఒక క్లాసు పిల్లలు. ఆయన పైనుంచే హాజరు తీసుకున్నాడు. కింద ఉన్నవాళ్లందరికీ ఆబ్సెంటు."

"ఆ మబ్బుల ఆయన నువ్వు పుట్టకముందే పోయాడు. ఆయన థీసిస్‌కి మా తాత అట్ట కట్టాడు," అన్నాడు అట్టల బావ.

"సైన్సులో ముందు, వెనక అనేవి చూసేవాడి కళ్లలో ఉంటాయి బావా. నువ్వు అట్టల దగ్గర ఆగిపోయావు, లోపలి పేజీలు చదవలేదు."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా వైపు కళ్లు చిట్లించి చూస్తోంది, బ్యూరెట్‌లోంచి చుక్క పడబోయేటప్పుడు చూసినట్టు.

"బాబాయ్, అంత పెద్ద ఫ్లాస్కుని ఓవెన్‌లో ఎన్నాళ్లు చల్లార్చారు?" అంది.

ఇది కొంచెం చెప్పాలి. ఊదిన గాజుని ఊరికే వదిలేయకూడదు. ఓవెన్‌లో పెట్టి బాగా వేడిచేసి, తలుపు తీయకుండా నెమ్మదిగా, మర్నాటిదాకా చల్లారనివ్వాలి. తొందరపడితే గాజు లోపల బిగువు ఉండిపోతుంది. పైకి నిక్షేపంగా ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరూ ముట్టుకోకపోయినా, పగులుతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. కాని మాంచి ఊపులో ఉన్నాను.

"చల్లార్చడమా? అదంతా చేతకానివాళ్ల పద్ధతి. నా దగ్గర పొద్దున అడిగితే మధ్యాహ్నానికి చేతిలో పెడతాను. అంత దూరం ఎందుకు, నీ కాలమ్‌లే చూడు. పదింటికి అడిగావు, మూడున్నరకల్లా ఇచ్చానా లేదా? మూడుసార్లూ అంతే. ఓవెన్ ఆపిన పావుగంటకే తలుపు తీసేశా. నాలుగింటికి ఇక్కడికి రావాలి కదా."

అట్టల బావ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది.

అప్పుడు నా మాటలు నాకే వినబడ్డాయి. సాధారణంగా నా మాటలు నేను వినను, అంత తీరిక ఉండదు.

అమ్మాయి లేచింది. "నాలుగోది చూద్దాం పదండి," అంది. గొంతు పెంచలేదు.

నా గదిలో నల్ల కళ్లద్దాల లాంటి రెండు పలకలు, వాటి వెనక ఒక దీపం ఉంటాయి. గాజుని ఆ పలకల మధ్య పెట్టి చూస్తే, బిగువు లేనిది నల్లగా ఉంటుంది. బిగువు ఉన్న చోట రంగులు కనబడతాయి. ప్రతి వస్తువునీ అలా చూసి ఇవ్వాలి. నేను ఆ పలకల మీద తువ్వాలు ఆరేస్తాను. తువ్వాలు తీశాను. నాలుగో కాలమ్‌ని ఇద్దరం చెరో వైపు పట్టుకుని మధ్యలో పెట్టాం.

ఏడు అతుకుల దగ్గరా ఏడు రకాల రంగులు. ఎరుపు, పసుపు, నీలం, చారలు చారలుగా. అంత అందమైన వస్తువుని నేను ఎప్పుడూ చేయలేదు. చిన్న ఫ్లాస్కులు పలచగా ఉంటాయి, నా తొందరని ఓర్చుకుని నడిచిపోయాయి. ఇంత మందపాటిది ఎలా ఓర్చుకుంటుంది?

"నేను ముట్టుకోలేదు," అంది అమ్మాయి, నాతో కాదు, గాజుతో. తర్వాత స్టూలు మీద కూర్చుంది. రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంది, ఎవరో పోగొట్టుకున్న వస్తువు దొరికితే తిప్పి తిప్పి చూసినట్టు.

చేతులు ఒళ్లో పెట్టుకుని అంది. "బాబాయ్, ముప్పై ఏళ్ల పేరు మీది. పైన ఎవరికీ చెప్పనులెండి. నా చేతులు మంచివేనని నాకు తెలిసింది, చాలు."

గోడగడియారం నాలుగూ ముప్పావు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తీపిగానే తగిలింది. దీన్ని మళ్లీ ఓవెన్‌లో పెట్టి రాత్రంతా వదిలేస్తే బిగువు పోతుంది. ఎవరికీ తెలియదు. కాని మేడమ్‌కీ తెలియదు కదా. కుర్రాళ్లు భళ్ళమ్మ అనడం మానరు కదా. ఈ పిల్ల రేపు వేరే ఊళ్లో, వేరే పనిలో గ్లాసు పట్టుకున్నా చెయ్యి వణుకుతుంది. అప్పుడు నేను నాలుగింటికి టీకొట్టులో ఎవరి గురించి చెప్పుకోవాలి?

"పద," అన్నాను.

రెండో అంతస్తుకి మెట్లెక్కాం. దారిలో ఇరవై మూడు ఫోటోలూ నన్నే చూశాయి. లాబ్‌లో మేడమ్, ఆరుగురు కుర్రాళ్లు ఉన్నారు. నాకు భయమేసింది. భయమేసినప్పుడల్లా నా నోరు నాకంటే ముందు పరిగెడుతుంది.

"మేడమ్, తప్పు నాది. ఈ అమ్మాయిది కాదు. గాజుని చల్లారకుండా తీసి ఇచ్చింది నేను. అసలు ఈ భవనంలో ఇప్పటిదాకా పగిలిన ప్రతి గాజూ నా వల్లే పగిలింది. కిటికీ అద్దాలతో సహా. పోయిన వానాకాలం పడిపోయిన ప్రహరీగోడలో కూడా నా పాత్ర ఉండొచ్చు."

"మూడు కాలమ్‌లు, మేడమ్. మూడే," అంది అమ్మాయి.

మేడమ్ నన్ను చూసింది, అమ్మాయిని చూసింది. ఒక కుర్రాడు నవ్వబోతే ఆవిడ అతని వైపు తిరగకముందే ఆపేశాడు. పలకలు, దీపం పైకి తెప్పించి, కాలమ్‌ని తనే స్వయంగా పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అమ్మాయి దగ్గరికి వచ్చి, "మూడుసార్లు చెప్పావు. ఒక్కసారైనా వినాల్సింది నేను," అంది. ఆవిడకి క్షమాపణ అలవాటు లేదని తెలుస్తూనే ఉంది, మాటలు అతుకులు అతుకులుగా వచ్చాయి. అయినా నిలబడ్డాయి.

నా వైపు తిరిగింది. "సరిగ్గా చేసివ్వడానికి ఎన్నాళ్లు కావాలి?"

ఇవాళే అని నాలిక చివరిదాకా వచ్చింది. "రెండు రోజులు," అన్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో నేను అడిగిన మొదటి గడువు.

ఐదు దాటింది. అమ్మాయి ఆఫీసు వైపు వెళ్లలేదు. నాతో పాటు కిందికి దిగి, కాలమ్‌ని ఓవెన్‌లో పెట్టించి, నేను తలుపు తీయకుండా మర్నాడు పొద్దున్నే వచ్చి కాపలా కూర్చుంది. మూడో రోజు పలకల మధ్య చూస్తే ఏడు అతుకులూ నల్లగా, ఏ అందమూ లేకుండా ఉన్నాయి. అది ఇప్పటికీ ఆమె బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె కనిపెట్టబోయేది ఇంకా దొరకలేదు. దొరుకుతుందో లేదో చెప్పడం నా వల్ల కాదు, అది గాజు పని కాదు. లాబ్‌లో మాత్రం ఆమెని ఇప్పుడు పేరుపెట్టి పిలుస్తున్నారు.

ఈ కథని నేను టీకొట్టులో చాలాసార్లు చెప్పాను. మొదటిసారి కాలమ్ మనిషి ఎత్తే ఉంది. మొన్న చెప్పినప్పుడు పిన్ని లెక్కపెట్టి, మూడంతస్తులు దాటిందయ్యా అంది. పగిలినవి మూడు కాస్తా నలభై అయ్యాయట, మేడమ్ నా కాళ్లు పట్టుకుందట, నేనే లేపానట. అమ్మాయి అక్కడ ఉంటే "మూడే" అంటుంది. లేకపోతే ఎవరూ ఆపరు.

నా అంతట నేను నేర్చుకున్న పనులు చాలా ఉన్నాయి. తప్పు చేస్తే ఒప్పుకోవడం కూడా ఆ సాయంత్రంతో వచ్చింది. ఆ తప్పు ఎంతుందో అంతే చెప్పడం మాత్రం నాకింకా రాలేదు.