సుభాషిణి పరీక్షకు ఊఁ కొట్టిన కథ

సుభాషిణి ఉంది చూడండి, మా అక్క కూతురు, పేరేమో సుభాషిణి, మాట మొదలెట్టిందంటే మూడు ముక్కలకోసారి ఆగి ఎదుటి మనిషి మొహం చూసుద్ది. విన్నారా లేదా అని. చిన్నప్పట్నించీ అంతే. వాళ్ళమ్మ కూర తరుగుతా ఊఁ కొడితేనే గానీ బళ్ళో ఏం జరిగిందో చెప్పేది కాదు. మీరు కూడా ఊఁ అనండమ్మా, చేతులు మిరపకాయల మీదే ఉండనీయండి, నోళ్ళు ఖాళీయేగా. మీరు ఊఁ అనకపోతే నాకూ ముందుకు పోదు, అది మా ఇంటి జబ్బు. ఆఁ. ఏమైందంటే, ఆ పిల్ల పేటలో ఒక కాన్వెంటులో పదకొండేళ్ళుగా ఇంగ్లీషు చెప్తా ఉంది. నాలుగో తరగతికి, ఐదో తరగతికి. పిల్లలకి ఆమె అంటే ప్రాణం, జొరమొచ్చిన రోజు కూడా బడికి పోతామని ఏడుస్తారంట. అట్టాంటిది, వేసవి సెలవలై బడి తెరిచిన రోజున కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు మేడమ్ టీచర్లందర్నీ కూర్చోబెట్టి ఏమందంటే, ఇంగ్లీషులో పై మెట్టు పరీక్ష ఒకటుంది, అడ్వాన్స్‌డు అంటారు, దసరా సెలవల్లోపు అది పాసైన కాగితం తెచ్చినోళ్ళే ఇకమీదట ఇంగ్లీషు చెప్పేది, తేనోళ్ళు పొద్దునా సాయంత్రం పిల్లల్ని బస్సు ఎక్కించి దించే పని చూసుకోండి, నేను ఎవర్నీ పొమ్మనటంలా అందంట. పొమ్మనలా, నిజమే. కానీ పదకొండేళ్ళు పాఠం చెప్పిన మనిషి, ఆ పిల్లలే చూస్తా ఉండగా, ఈల పట్టుకుని గేటు దగ్గర నిలబడటం అంటే ఎట్టా ఉంటదో మీరే అనుకోండి.

ఆ సాయంత్రం బస్సు దిగి తిన్నగా నా దగ్గరికొచ్చింది. దస్తావేజులు రాసుకునే పిచ్చయ్య దగ్గరికి ఇంగ్లీషు కోసం ఎందుకొచ్చింది అని అడగరేం? ఈ ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినోడు ఎవరు మామయ్యా అని అది ఆరేళ్ళప్పుడు అడిగితే, ఇంకెవరు, నేనే అని చెప్పా. అప్పుడు చెప్పిన అబద్ధం ఇప్పుడు చీర కట్టుకుని వచ్చి గడప ముందు నిలబడింది. నా ఇంగ్లీషు సంగతి మీకు తెలవందేముంది. పురుగుమందు డబ్బాల మీద చదివి నేర్చుకున్నా. నాకు పూర్తిగా వచ్చిన మొదటి వాక్యం ‘కీప్ అవే ఫ్రమ్ చిల్డ్రన్’. దాని అర్థం ఏందని మా ఆవిడ అడిగితే, పిల్లలకి దూరంగా ఉంచవలెను అని చెప్పా. అయితే ఆ చీటీ నీ మొహానికే అంటించాలి, పెళ్ళికి ముందు మా నాన్నకి కనపడి ఉంటే బాగుండేది అంది. ఇక అడ్వాన్స్‌డు అనేసరికి, అడ్వాన్సు అంటే పొలం బేరమప్పుడు ముందు ఇచ్చేదేగా, ఈ పరీక్ష సగం ముందే రాసిచ్చి మిగతాది తర్వాత రాయొచ్చేమో అన్నా. సుభాషిణి నవ్వలా. అప్పుడు అర్థమైంది నాకు, పిల్ల నిజంగా భయపడిందని.

పరీక్షలో చదివేది, వినేది దానికి దిగుల్లేదంట. రాసేదీ మాట్లాడేదీ, ఆ రెండే గండం. రాసేది ఏందమ్మా అంటే, వ్యాసం మామయ్యా, రెండొందల అరవై మాటలు దాటకూడదు, చెప్పాల్సింది వదలకూడదు, సంబంధం లేంది రాయకూడదు అంది. ఓసి, ఇంతేనా, స్టాంపు పేపరు మీద మేం చేసేది అదేగా అన్నా. ఇంగ్లీషు నీది, కాగితం నాది అన్నా. కూర్చోబెట్టి చెప్పా. చూడమ్మాయ్, ఏ కాగితానికైనా నాలుగు హద్దులుండాలి. హద్దులు లేని కాగితంలోకి పక్కోడు గట్టు జరుపుకుని వస్తాడు. తూర్పున ఎవరు రాయమన్నారు, దక్షిణాన ఔనన్నోళ్ళు, పడమర కాదన్నోళ్ళు, ఉత్తరాన నువ్వు. మధ్యలో ఉన్నదే నీ వ్యాసం. అది కళ్ళు పెద్దవి చేసుకుని రాసుకుంది. నాకు ఉత్సాహం వచ్చింది. ఉత్సాహం వచ్చినప్పుడు నన్ను ఎవరన్నా ఆపాలి, మా ఆవిడ పుట్టింటికి పోయి ఉంది. చివర్లో, ఇది నా పూర్తి ఇష్టంతో, మంచి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాసినది అని కూడా ఒక ముక్క వెయ్యి, కాగితానికి బలం అన్నా. ఇంకోటి, ఎక్కడన్నా మాట కొట్టేస్తే, ఎన్నో వరసలో కొట్టేశావో కింద రాసి సంతకం పెట్టు, లేకపోతే రేపు ఎవడన్నా కోర్టుకి పోతాడు అన్నా. ఊఁ అంది, అన్నీ రాసుకుంది.

పేటలో ఆదివారాలు దానికి కోచింగు చెప్పే సారు ఒకాయన ఉన్నాడు, వల్లభరావు అని. నెల రోజులు ఇది రాసిచ్చిన వ్యాసాలు ఆయన చూశాడంట. ఒకటేమో టీవీ వల్ల లాభనష్టాలు, దానికి నాలుగు దిక్కులా హద్దులు. ఇంకోటి ఊరు పార్కు బాగాలేదని మునిసిపాలిటీకి ఉత్తరం, అందులో మంచి తెలివిలో ఉండి రాస్తున్నానని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, అమ్మా, నీ ఇంగ్లీషు బాగానే ఉంది గానీ ఇది చదువుతుంటే నాకు వేలిముద్ర వెయ్యాలనిపిస్తంది, ఇవి ఎవరు నేర్పారు అన్నాడంట. మా మామయ్యండీ అందంట. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, పరీక్ష అయ్యేదాకా మీ మామయ్యని ఏదన్నా యాత్రకి పంపించకూడదా అన్నాడంట. ఇది వచ్చి నాకు చెప్పలా. మా ఆవిడకి చెప్పింది. మా ఆవిడ వీధిలో చెప్పింది.

సరే, రాతలోంచి నన్ను తీసేశారు. మాటలో మిగిలా. మాటలో నేనేం చెయ్యగలను, పరీక్షలో రెండు మూడు బొమ్మలిచ్చి నిమిషంసేపు వాటి గురించి ఇంగ్లీషులో మాట్లాడమంటారంట. దానికి వినేవాడు కావాలి. ఆ పని నాకొచ్చు. ముప్పై ఏళ్ళుగా మా ఆవిడ చెప్పేదానికి ఊఁ కొడతన్నా, ఇంతవరకు ఒక్కసారి కూడా పట్టుబడలా. ఎరువుల కంపెనీ క్యాలెండర్లు ముందు పెట్టుకుని అది మాట్లాడతా ఉంటే నేను ఊఁ, ఊఁ అంటా ఉండేవాణ్ణి. రానురాను నా ఒక్కడి ఊఁ చాలక ఇక్కడికి, ఈ షెడ్డుకి తీసుకొచ్చా. గుర్తుందా ఓబులమ్మక్కా, సాయంత్రాలు అది బడినించొచ్చి మిరపకాయల మధ్య నిలబడి గడగడా మాట్లాడతా ఉంటే మీరు పాతికమంది తొడిమలు తీస్తా ఊఁ కొట్టేవాళ్ళు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు మీకు, అయినా అది గొంతు తగ్గిస్తే అయ్యో అనేవాళ్ళు, పెంచితే ఔనా అనేవాళ్ళు. మధ్యమధ్య ఘాటుకి అందరికీ తుమ్ములు. అది తుమ్ముల మధ్యన కూడా తడుముకోకుండా మాట్లాడేది. ఆ పదిహేను రోజుల్లో పిల్ల నోట్లో ఇంగ్లీషు నూనె పోసినట్టు జారింది. నేను మీసం దువ్వుకున్నా. అక్కడే చేశాం తప్పు. మనం ఊఁ కొట్టటం నేర్పాం, ఊఁ లేకపోతే ఎట్టానో నేర్పలా.

పరీక్ష బెజవాడలో. పొద్దున రాత. హాల్లో కూర్చుని, నాలుగు హద్దులు రాయకూడదు, మంచి తెలివి రాయకూడదు అని వంద సార్లు అనుకుందంట. కాగితం తిప్పి చూస్తే ప్రశ్న ఏందంటే, పట్టణం మధ్యలో ఒక ఖాళీ స్థలం ఉంది, దాన్ని ఏం చేస్తే బాగుంటది. ఖాళీ స్థలం అంట. ఇక మా వంశం ఊరుకుంటదా. చెయ్యి దానంతటదే తూర్పున రైలు కట్ట, పడమర కూరగాయల మార్కెట్టు అని రాసేసిందంట. తర్వాత తెలివి తెచ్చుకుని చక్కగానే రాసిందిలే, ఎవరు ఏమంటారు, తనేమంటది, ఎందుకు, అన్నీ వరసగా. అయిపోయి, ఇంకో నిమిషం ఉందనగా, చూసుకోకుండా కింద ఒక వరస రాసిందంట. ఏం రాశావే అంటే చెప్పదు. గుచ్చి గుచ్చి అడిగితే, మూడో వరసలో కొట్టివేత ఒకటి, తొమ్మిదో వరసలో దిద్దుబాటు ఒకటి అని రాశా మామయ్యా అంది. సంతకం పెట్టావా అన్నా. పెట్టా అంది.

మధ్యాన్నం మాట. మాటకి ఇద్దరిద్దర్ని జంటగా పిలుస్తారంట. దీనికి జంట ఎవరయ్యా అంటే పూర్ణానందం అని పాలిటెక్నిక్కులో మాస్టారు, యాభై ఏళ్ళుంటాయి. బయట బెంచీ మీద కూర్చుని ఆయన పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు చెప్తా ఉంటే ఇది బెంచీ చివరికి జరిగి కూర్చుందంట. లోపల ఇద్దరు దొరసానమ్మలు. ఒకామె అడుగుద్ది, ఇంకొకామె మూలన కూర్చుని మార్కులు వేసుద్ది. వాళ్ళు తల ఊపకూడదు, బాగుంది అనకూడదు, నవ్వకూడదు, అది వాళ్ళ రూలు. మన పిల్లకి ఆ సంగతి తెలవదు. ముందు దీనికి బొమ్మలిచ్చారు. ఎదురుచూస్తున్న మనుషుల బొమ్మలంట, ఒకళ్ళు రైలు కోసం, ఒకళ్ళు ఆసుపత్రిలో. వీళ్ళు ఎందుకు ఎదురుచూస్తున్నారో, మనసులో ఏముందో చెప్పమ్మా అందంట. ఇది మొదటి వాక్యం చెప్పింది. ఆగింది. ఊఁ రాలా. ఇదేదో తప్పు చెప్పా అనుకుని అదే వాక్యం ఇంకో రకంగా చెప్పింది. ఊఁ రాలా. మన ఊళ్ళో మనిషి చెప్తా ఉంటే ఊఁ అనలేదంటే ఏంది, కోపమన్నా వచ్చి ఉండాలి, కునుకన్నా పట్టి ఉండాలి. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, అంటే కోపమే అనుకుందంట. ఎదురుచూసే మనుషుల గురించి చెప్పమంటే ఇది ఊఁ కోసం ఎదురుచూస్తా కూర్చుంది. నిమిషం అయిపోయింది. థాంక్యూ అన్నారు. గేటు, ఈల, బస్సు, అన్నీ కళ్ళ ముందు తిరిగినయ్యంట.

ఇప్పుడు వినండి. తర్వాత పూర్ణానందం మాస్టారి వంతు. ఆయన బొమ్మలు చూసి, ఇన్ మై ఒపీనియన్, అన్నాడంట. ఆగాడంట. ఇన్ మై ఒపీనియన్, అన్నాడంట. బయట అంతసేపు మాట్లాడిన మనిషి లోపల ఒపీనియన్ దగ్గర గుమ్మానికి తల తగిలినోడిలా నిలబడిపోయాడు. మెడ మీద చెమట. పాపం, వాళ్ళావిడ ఇంట్లో ఎదురుచూస్తా ఉంటది, పాసవకపోతే ఆయన గతేందో అనుకుందంట సుభాషిణి. అనుకుని, తనది ఎట్టాగూ పోయింది కదా అని, ఆయన వంక చూసి, మెల్లిగా, ఊఁ అంది. ఎట్టాంటి ఊఁ, ఓబులమ్మక్క అంటది చూడండి, చెప్పు నాయనా తర్వాతేమైంది అన్నట్టు, ఆ ఊఁ. మాస్టారు తలెత్తాడంట. ఒక వాక్యం వచ్చింది. ఊఁ. ఇంకోటి వచ్చింది. ఊఁ. ఇక ఆయన్ని ఆపేవాళ్ళు లేరు.

చివర్లో ఇద్దర్నీ కలిసి మాట్లాడుకోమన్నారంట, పిల్లలకి చదువు మీద ఇష్టం ఎట్టా పుట్టుద్ది అనేదాని మీద. అది దీని సొంత పొలం. ఇది ఒక మాట అంది, మాస్టారు, ఆయన రుచి మరిగాడుగా, ఊఁ అన్నాడు. అంతే. దీనికి మిరపకాయల ఘాటు ముక్కుకి తగిలినంత పనైందంట. పిల్లలు చెప్పేది ఎవరన్నా కూర్చుని వింటే చాలండీ, ఇష్టం అదే వచ్చుద్ది అని ఇంగ్లీషులో చెప్పుకుంటా పోయింది. ఆయన అడిగాడు, ఇది చెప్పింది, ఇది అడిగింది, ఆయన చెప్పాడు. దొరసానమ్మ థాంక్యూ అందంట, వీళ్ళు వినలా. మళ్ళీ అందంట. మూలన కూర్చున్నామె రూలు మర్చిపోయి తల ఊపిందని సుభాషిణి అంటది. నేను చూడలా, మీరు నమ్మితే నమ్మండి.

దసరా సెలవలు ఇవ్వబోయే ముందు రోజు ఫలితం వచ్చింది. నేను అన్నం మానేసి కూర్చున్నా, రాతలో పోయుంటే నా మూలానేగా. ఫోను చూసి అది నా మొహం చూసింది. నేను ఊఁ అన్నా. పాసయ్యా మామయ్యా అంది. రాతలో మార్కులు గట్టు అంచున ఉన్నాయి, ఇంకో అడుగు జరిగితే అవతల పడేది. అంచుదాకా నెట్టింది నా హద్దురాయే. మాటలో మాత్రం బాగా వచ్చినయ్యి, అందులోనూ ఇంటరాక్షన్ అనేదానికి అన్నిటికంటే ఎక్కువంట. ఇంటరాక్షన్ అంటే ఏందమ్మాయ్ అన్నా. ఊఁ కొట్టటం మామయ్యా అంది. పూర్ణానందం మాస్టారు కూడా పాసై ఫోను చేశాడంట, అమ్మా, మీ ఊళ్ళో ఏ కోచింగు సెంటర్లో చేరావు అని. మిరపకాయల షెడ్డు అని చెప్పిందంట. అడ్రసు పంపమన్నాడంట.

అదమ్మా సంగతి. దసరా అయ్యాక ఆ పిల్ల ఐదో తరగతిలోనే పాఠం చెప్పింది, గేటు దగ్గర ఈల వేరేవాళ్ళు ఊదుతున్నారు. నేను నేర్పింది మార్కులు తగ్గించింది, మీరు నేర్పింది పెంచింది, అయినా ఊళ్ళో గురువుగారని నన్నే అంటున్నారు, మీరు మధ్యలో పడి చెడగొట్టొద్దు. ఇక ఇంతే కథ, అయిపోయింది. ఏం చెంచమ్మా? ఊఁ అంటావేంది, అయిపోయిందంటన్నా. మళ్ళీ ఊఁ అంటది చూడు. ఇంతసేపూ నేనేం చెప్పానో ఒక్క ముక్క చెప్పు చూద్దాం. ఊఁ అంట.