నుదుటి మీద పసుపు కాగితం

మధ్యాహ్నం, హాంకాంగ్‌లోని తమ ఒంటిగది ఇంట్లో నిద్రపోతున్న భర్త నుదుటి మీద పసుపు కాగితం చూసి, ఆమె గంజిగిన్నె పక్కన పెట్టి గభాలున దాన్ని పీకేసింది.

"ఏమిటే, కొంప కూలిందా?"

"నీ కూతురు మేయ్‌కీ నీకు శవాల మంత్రం అంటించింది! బతికున్న మనిషికి అరిష్టం కాదూ?"

"సినిమాలో రోజూ అంటిస్తున్నారుగా. గెంతే శవం వేషమే కదా నాది."

"అక్కడ షూటింగు ఆఖర్న ఎర్ర కవర్లో డబ్బులు పెట్టిచ్చి దోషం పోగొడతారు. ఇక్కడ ఎవరిస్తారు? అసలు ఆ సినిమాల్లో ఏముందో నాకు అర్థం కాదు. నిన్న హాల్లో నువ్వు కోరలు పెట్టుకుని గెంతుతుంటే నాకు ఏడుపొచ్చింది. పక్కన ముసలమ్మేమో పడీ పడీ నవ్వింది."

"మరి మేయ్‌కీ?"

"నవ్వలేదు, జడుసుకోలేదు. సినిమాలో మంత్రాల గురువు నీ నుదుటికి కాగితం అంటించగానే చప్పట్లు కొట్టింది. నీ మీద కోపమేమో!"

"రేపు కొండల్లో షూటింగుకి పోతున్నానని దానికి చెప్పావా?"

"చెప్పాను, నెల్లాళ్లు రావని."

"కాగితం అంటిస్తే శవం ఏం చేస్తుందే?"

"ఏం చేస్తుంది? ఉన్నచోటే ఆగిపోతుంది. ఎక్కడికీ పోదు..."

ఆమె తలుపు వైపు చూసింది. తలుపు చాటునుంచి నాలుగేళ్ల మేయ్‌కీ ఊపిరి బిగబట్టి చూస్తోంది. నలిగిన కాగితాన్ని ఒళ్లో సాపు చేసి, రెండు గంజి మెతుకులు రాసి, ఆమె దాన్ని మళ్లీ భర్త నుదుటికి అంటించింది.

"అరిష్టమన్నావుగా?"

"ఏమో, నాకేం తెలుసు? నువ్వు మాత్రం కదలకు."