అందరి నాయనమ్మ

శంషాబాద్ బస్టాండ్ వెనక సందులో, బట్టల షాపు మీద, విదేశాలకు వెళ్ళేవాళ్ళకు ఇంగ్లీషు పరీక్ష కోచింగ్ ఇచ్చే సెంటర్. మధ్యాహ్నం బ్యాచ్ వెళ్ళిపోయింది. జోగారావు మాష్టారు బోర్డు తుడుస్తున్నాడు. మహేశ్వరం నుంచి వచ్చిన నర్సు మనీషా లోపలికి రావడానికి మొహం చెల్లక గుమ్మంలోనే నిలబడింది.

“అలా నిలబడితే నాకేం తెలుస్తుందమ్మా? రిజల్ట్ వచ్చిందా లేదా?”

“రాలే సార్. ఆపిన్రు.”

“ఆపారా? ఎవరు?”

“పరీక్షోళ్ళే. నిన్న వీడియో కాల్ చేసిన్రు. ఒక మేడమ్.”

“ఏమంది?”

“ఏం లేదు సార్.”

“ఏమీ లేకుండా ఫోన్ చేస్తారా?”

“నా వ్యాసం గురించి అడిగింది. పెద్ద ఎయిర్‌పోర్టులు ముఖ్యమా, ఊర్ల దవాఖానలు ముఖ్యమా అని వచ్చింది గద సార్ ప్రశ్న.”

“మన పద్ధతికి సరిగ్గా సరిపోయే ప్రశ్న. మొదటి పేరాలో నీ అభిప్రాయం, రెండో పేరాలో కారణం, దాని వెంటనే ఉదాహరణ, ఆ తర్వాత ఎదుటివాళ్ళ వాదన, చివర ముగింపు. అలాగే రాశావా?”

“గట్లనే రాసిన.”

“మరింకేం?”

“ఉదాహరణ కాడ... మీరిచ్చిందే రాసిన సార్.”

“ఏది?”

“నాయనమ్మది.”

“ఊఁ.”

“మా ఊర్ల దవాఖాన లేకుండె, నాయనమ్మకు గుండెల నొప్పి లేస్తే ఆటోల ఏస్కొని పోతుంటే దార్లనే పానం పోయింది అని.”

“మార్చి రాయమన్నానా లేదా? నాయనమ్మ బదులు మేనత్త, గుండెనొప్పి బదులు జ్వరం. రోడ్ల మీదొచ్చినా, ఫోన్ల మీదొచ్చినా, చదువుల మీదొచ్చినా వాడుకోండి, కానీ మార్చి వాడుకోండి అని క్లాసులో...”

“అన్నరు సార్. మీ తప్పేం లేదు. టైమ్ అయిపోతున్నదని పరేషానై ఎట్లున్నది అట్లనే దించిన.”

“సరే. ఆవిడేమడిగింది?”

“మీ నాయనమ్మ నిజంగ గట్లనే చనిపోయిందా అని.”

“నువ్వేమన్నావు?”

“అవునన్న సార్.”

“ఊఁ.”

“అనేటప్పుడు పక్క రూంల మా నాయనమ్మ టీవీ చూస్తున్నది. సౌండ్ తగ్గించుమని నేనే చెప్పొచ్చి కూసున్న.”

“ఆవిడకేం అర్థమవుతుందిలే. మాట్లాడింది ఇంగ్లీషులోనే కదా.”

“అర్థం కాదు సార్. అందుకే జర ఎక్కువ సిగ్గయింది.”

“తర్వాత?”

“నీ లెక్కనే ఇంకా కొందరి నాయనమ్మలు గదే నొప్పితోని గసుంటి ఆటోలనే చనిపోయిన్రు అన్నది. నవ్వలే సార్ ఆమె. నవ్వినా బాగుండు.”

“ఎవరెవరివట?”

“పేర్లు చెప్పలే. మన బ్యాచోళ్ళే అయ్యుంటరు.”

“ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి. ఇంకా ఏమడిగింది?”

“గిది మీకెవరిచ్చిన్రు అని.”

“నా పేరు...”

“చెప్పలే సార్.”

“చెప్పలేదా?”

“చెప్పలే. ఫోన్ల ఏడనో చూసి బట్టీ పట్టిన, వాళ్ళు గూడ గదే చూసిన్రేమో అన్న. మీరు ఇంత కష్టపడి చెప్తిరి, మిమ్మల్నెందుకు బద్నాం చెయ్యాలె.”

“మంచి పని... అంటే, నువ్వు చేసింది... సెంటర్ మూతపడేదమ్మా.”

“ఎరికే సార్.”

“కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?”

“ఒద్దు.”

“మళ్ళీ ఎప్పుడు రాయనిస్తారట?”

“ఏడాది దాంక రాయొద్దన్నరు.”

“ఏడాదా? మరి విదేశంలో ఇస్తామన్న ఆ నర్సు ఉద్యోగం?”

“ఇంకెవరికన్న ఇస్తరు. ఇంట్ల ఇంకా చెప్పలే. ఏమని చెప్పాలె? నాయనమ్మను సంపిన, దొరికిపోయిన అని చెప్పాల్నా?”

“అలా అనకు.”

“పరీక్ష రోజు పొద్దుగాల బాక్స్ కట్టింది సార్ ఆమె. మంచిగ రాయి బిడ్డా అన్నది. గా బువ్వ కడుపుల ఉండంగనే రాసిన.”

“చూడమ్మా, పరీక్ష అన్నాక అందరూ చేసేదే ఇది. ఉదాహరణ నిజమే అయ్యుండాలని ఎక్కడా లేదు. పేరాలో ఒక చోటు ఖాళీ ఉంటుంది, దాన్ని నింపాలి, అంతే. మనసుకు పట్టించుకోకూడదు.”

“మీకు పట్టదా సార్?”

“నాకేం? రోజూ బోర్డు మీద రాసేదే.”

“ఒకటి అడగనా?”

“అడుగు.”

“ఆ మేడమ్ పెట్టేసే ముంగట ఒక మాటడిగింది. మీకు తెలుస్తదేమోనని.”

“ఏంటది?”

“అండ్ల ఒక వాక్యమున్నది గద. ఆమె చెప్పులు ఆటోలనే ఉండిపోయినయి, తెల్లారి ఆటో ఆయన తెచ్చిచ్చిండు అని. దవాఖానకు, ఎయిర్‌పోర్టుకు గీ చెప్పులతోని పనేంది, ఎందుకు రాసినవ్ అన్నది. నాకు గూడ నిజమే అనిపించింది. పేరాల పనికిరాని వాక్యం ఒక్కటి ఉండొద్దని మీరే చెప్తరు. మేం రాసినయి ఎన్ని కొట్టేస్తరు. గది మాత్రం ఎవ్వరిదాంట్ల కొట్టెయ్యలే.”

“విమానం మోతలో వినపడలేదమ్మా.”

“విమానం పోయింది సార్. గా చెప్పుల వాక్యం ఎందుకుంచిన్రు అంటున్న.”

“ఉండిపోయింది.”

“ఏ పుస్తకంల నుంచి తీసిన్రు?”

“పుస్తకం కాదు.”

“మరెవరు రాసిన్రు?”

“నేనే రాశాను.”

“మంచిగనే కల్పించిన్రు సార్. చూసినట్టే ఉంటది.”

“కల్పించింది ఒక్క ముక్కేనమ్మా. పోయింది నాయనమ్మ కాదు, మా అమ్మ.”