చప్పుడు చేయని లైటు

గొంతు ఆపరేషన్ అయ్యాక వదిన మళ్ళీ నాటకానికి స్టేజీ ఎక్కడం అదే మొదలు. లైటింగ్ చేసే మరిది, ఏది కొనాలో చూడటానికి రెండు కంపెనీల స్పాట్‌లైట్లు పైన బిగించి, స్విచ్చులతో ఖాళీ హాల్లో ఆఖరి వరుసలో కూర్చున్నాడు.

"ఇది పేరున్న కంపెనీది వదినా. ఎలా ఉంది?"

"పట్టపగల్లా ఉంది. ఇదే కొనెయ్యి."

"ఓ డైలాగు చెప్పండి."

చెప్పింది.

"వినపడలేదు. లైటు లోపలి ఫ్యాను రొద మీ మాటను మింగేస్తోంది."

"ఫ్యానును ఎందుకయ్యా ఆడిపోసుకుంటావు? నా గొంతులోనే పస లేదు. ఈ తల్లి వేషం ఇంకెవరికైనా ఇమ్మని, నాటకం వేయిస్తున్న మీ అన్నయ్యకు చెప్పాగా."

"ఈ రెండోదానికి ఫ్యాను లేదు, చూడండి."

"వెలుగు తక్కువే. మొహం మసగ్గా ఉండదూ?"

"ఇలాంటివి రెండు వేస్తాను. మీరు డైలాగు చెప్పండి."

ఆమె ఈసారి గొంతు పెంచడానికి చూడలేదు. ఉన్న గొంతుతోనే, "తలుపు తియ్యమ్మా, నేనే వచ్చాను" అంది.

ఆఖరి వరుస వైపు చూసింది.

"వినపడలేదా?"

"వినపడింది వదినా. 'నేనే' అన్నచోట మీ గొంతు వణకడం కూడా వినపడింది."

"అది నా గొంతు వణకడం కాదయ్యా. ఆ తల్లి అక్కడ అలాగే అంటుంది," అని వదిన తర్వాతి డైలాగు అందుకుంది.