భివండిల మీట, ఊర్ల మోటరు

భివండి శాంతి నగర్‌ల బట్ట నేసే సాంచెల కార్ఖాన. కరెంటు పోయి సప్పుడంత ఆగింది. మొగడు సిద్ధిరాములుకు అన్నం డబ్బా తెచ్చిన రాజమణి, ఆయన ఇంక బుక్క నోట్లె పెట్టకముందే అందుకున్నది. పొద్దున ఊరికెల్లి ఫోన్ వచ్చినప్పటిసంది కోపంల ఉన్నది ఆమె.

“నిన్న మోటరు పెట్టినవా లేదా, గది చెప్పు.”

“అన్నం తిననియ్యవా?”

“తినుకుంటనే చెప్పు.”

“రోజు పెడ్తనే. సాంచెలు షురూ చేసినంక ఫోన్ల మీట నొక్కుడు, ఊర్ల మన పొలానికి నీళ్లు పారుడు. ఇదేమన్న కొత్తనా?”

“మన పొలం చేసే మా తమ్ముడు మొన్ననే వరిల పురుగులకు గుళికల మందు సల్లిండు. సల్లినంక వారం దాక మడి నీళ్లు బయటికి పోవద్దని ఊరంత కూసోని తీర్మానం చేసింది. ఎరుకేనా?”

“నాకు చెప్పాలె గద మీ కనుకయ్య.”

“మోటరు పెట్టకు బావా అందామని ఎన్నిమాట్ల ఫోన్ చేసిండో.”

“సాంచెల సప్పుడుల ఎవనికి వినవడ్తది?”

“చేసినట్టు తర్వాత కనవడ్తది గద.”

“కనవడ్డది. ఊకె చేస్తనే ఉంటడు, తర్వాత సూద్దాం అనుకున్న.”

“నీళ్లు ఒడ్డు మీదికెల్లి పొంగి వాగుల వడ్డయ్. చేపలు చచ్చి తేలినయట. ఊరు తాగేది ఆ వాగు బావి నీళ్లే.”

“ఖాలీపీలీ, ఉత్త లొల్లి. గుప్పెడు మందుకు వాగు ఖరాబైతదా?”

“ఇయ్యాల పంచాయతీ పెట్టిండ్రు. కనుకయ్య ఇగ ఆ పొలం చేయొద్దంటున్నరు.”

“భూమి నాది. వద్దనెటందుకు వాళ్లెవరు?”

“భూమి నీది, మోటరు నీది, నొక్కిన చెయ్యి నీది. తిట్లే నా తమ్మునియి. నేనే పెట్టిన అని సర్పంచ్‌కు ఫోన్ చెయ్యి.”

“పిచ్చా నీకు? వచ్చే నెల మన సంఘం ఎలక్షన్ల నిలవడుతున్న. ఇజ్జత్ పోతది.”

“మా తమ్మునికి లేదా ఇజ్జత్?”

“వానికేం కాదు. పొద్దుగాల మాట్లాడిన వానితోని.”

“మాట్లాడినవా? నాకు చెప్పలే.”

“ఇప్పుడు చెప్తున్న గద.”

“ఏమన్నవు?”

“నీళ్లకేం కాలే, భయపడకు అన్న. పంచాయతీల గదే గట్టిగ చెప్పుమన్న, నమ్మేటట్టు చెప్పుమన్న. నోరున్నోనిదే రాజ్జెం.”

“నీకెట్ల ఎరుక ఏం కాలేదని? ఈడ కూసోని?”

“ఏదో ఒకటి చెప్పాలె గద. వాడు నా మాట ఇంటడు.”

“ఆగు, ఓదెమ్మ ఫోన్. తమ్ముని పెండ్లాం పొద్దున ఏడ్సుకుంట చెప్పింది, మళ్ల ఏమాయెనో.”

“స్పీకర్ పెట్టు.”

“చెప్పు ఓదెమ్మా. మెల్లగ చెప్పు.”

“వదినె, నీళ్లు మంచిగనే ఉన్నయని మీ తమ్ముడు ఎంత మొత్తుకున్నా ఒక్కలు నమ్మలే. బావిలకెల్లి చెంబెడు తోడుకోని అందరు సూడంగ తాగిండు.”

“అయ్యో. ఇప్పుడెట్లున్నడు?”

“కక్కుకున్నడు, సోయి లేదు. కరీంనగర్ దవాఖానకు తోలుకపోతున్నం.”

“ఎవ్వలు ఆపలేదా ఓదెమ్మా?”

“నేను చెయ్యి పట్టుకున్న వదినె. ‘బావ చెప్పిండు, బావకు తెల్వదా’ అని గుంజుకోని తాగిండు.”